నాలుగు బీర్లకూ ఒకే తోడు: ఒక చిన్న బ్రూవరీ కేస్ స్టడీ

నేపథ్యం

విజయవాడ పరిసరాల్లో రెస్టారెంటుతో కలిపి నడుస్తున్న ఒక చిన్న బ్రూవరీకి సంబంధించిన కేసు ఇది. యజమాని అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఆ స్థలాన్ని గుర్తుపట్టగలిగే వివరాలన్నీ తీసేశాను, నెలలను కొద్దిగా అటూ ఇటూ మార్చాను, కానీ రుచి పరీక్షల్లో వచ్చిన అంకెలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను. నా వృత్తి ఆహార సూక్ష్మజీవశాస్త్రం. డెయిరీలకూ బేకరీలకూ సలహాలివ్వడం నా రోజువారీ పని. బ్రూవరీల పని అప్పుడప్పుడు మాత్రమే వస్తుంది.

అక్కడ నాలుగు రకాల బీర్లు కాస్తారు: గోధుమ బీరు, లేత రంగు పేల్ ఏల్, ఎర్రటి ఆంబర్ ఏల్, నల్లటి స్టౌట్. గోధుమ బీరులో సగం గోధుమ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం), సగం బార్లీ మాల్ట్. అరటిపండు, లవంగం వాసనలిచ్చే జర్మన్ పద్ధతి ఈస్ట్ (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) దానికి ప్రత్యేకంగా తెప్పిస్తారు. మిగిలిన మూడింటికీ తనదంటూ పెద్దగా వాసన వదలని అమెరికన్ ఏల్ ఈస్ట్ వాడతారు. పేల్ ఏల్‌కు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూలు, ఆంబర్‌కు కారమెల్ మాల్ట్, స్టౌట్‌కు మాడేలా వేయించిన బార్లీ ప్రాణం. రెసిపీలు నాకు ఇచ్చినప్పుడు శ్రద్ధగా చదివాను. కాగితం మీద వాటిలో తప్పుపట్టవలసినది ఏమీ లేదు.

వచ్చిన సమస్య

యజమాని ఫోనులో చెప్పిన మొదటి మాటే సమస్య మొత్తాన్ని చెప్పింది: "ఏది తాగినా ఒకటే అంటున్నారండీ. నాలుగు పేర్లు పెట్టి ఒకే ట్యాంకులోంచి పోస్తున్నారా అని మొహం మీదే అడుగుతున్నారు." స్టౌట్ గురించి అయితే పేల్ ఏల్‌లో నల్లరంగు కలిపినట్టుందని ఒకరు అన్నారట. బీరు పాడైందని మాత్రం ఎవరూ అనలేదు. పుల్లబడలేదు, వెన్న వాసన లేదు, తడిసిన అట్టపెట్టె వాసన లేదు. అందుకే ఈ ఫిర్యాదు నాకు ఆసక్తి కలిగించింది. పాడైన బీరును పట్టుకోవడానికి పద్ధతులున్నాయి. బాగానే ఉండి కూడా ఒకదానికొకటి తేడా లేకుండా పోయిన బీర్లలో ఎక్కడ మొదలుపెట్టాలన్నదే అసలు ప్రశ్న.

నేను వెళ్లేనాటికే వాళ్లు కొన్ని ప్రయత్నాలు చేసి ఉన్నారు. పేల్ ఏల్‌లో చివర వేసే హాప్స్‌ను రెట్టింపు చేశారు, స్టౌట్‌లో కాఫీ గింజలు నానబెట్టారు. పది రోజులపాటు తేడా కనిపించినట్టే అనిపించి, తర్వాత మళ్లీ అదే మాట వినిపించిందట. పై నుంచి ఎంత వేసినా అడుగున ఏదో ఒక రుచి అన్నింటినీ కలిపేస్తోందన్న అనుమానం నాకు అక్కడే కలిగింది.

తేడా నిజంగా లేదా?

తాగేవాళ్ల మాటను కాదనడం నా ఉద్దేశం కాదు, కానీ దాన్ని కొలవకుండా ముందుకు వెళ్లకూడదు. అందుకు త్రికోణ పరీక్ష అనే పద్ధతి ఉంది. ఒక్కొక్కరికి మూడు గ్లాసులు ఇస్తాం; రెండింటిలో ఒకే బీరు, మూడోదానిలో వేరే బీరు ఉంటాయి. వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి. ఊరికే ఊహించి చెప్పినా మూడింట ఒక వంతు మంది సరిగ్గానే చెబుతారు కాబట్టి, 12 మంది కూర్చుంటే నలుగురు సరిగ్గా చెప్పడంలో విశేషం లేదు. కనీసం 8 మంది చెబితేనే తేడా ఉందని నమ్మకంగా అనవచ్చు. డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బ్రూవరీలో 1940ల్లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని ఇప్పుడు పాలపొడి నుంచి బిస్కెట్ల దాకా అన్నిటికీ వాడుతున్నాం.

రంగు కనపడితే పరీక్షకు అర్థం ఉండదు కనుక మూతలున్న స్టీలు గ్లాసుల్లో పోయించాను. మొదటిసారి రెస్టారెంటులోనే సాయంత్రం పెట్టడం పొరపాటైంది: కూర్చున్నవాళ్లలో సగం మంది అప్పటికే కారం కారంగా ఏవో తినేసి ఉన్నారు, బీరు కూడా రెండు డిగ్రీల చల్లదనంలో, ఫ్రీజరులో పెట్టిన గ్లాసుల్లో వచ్చింది. నాలుక మొద్దుబారినప్పుడు ఏ బీరైనా ఒకేలా ఉంటుంది. పేల్ ఏల్, ఆంబర్ జతను ఐదుగురే సరిగ్గా చెప్పారు. ఆ ఫలితాన్ని పక్కన పెట్టి, మరోరోజు ఉదయం పదకొండు గంటలకు, ఏమీ తినకుండా, బీరును ఎనిమిది డిగ్రీలకు తెచ్చి మళ్లీ పెట్టాం. ఈసారి ఆ జతను ఆరుగురు చెప్పారు. నన్ను కలవరపెట్టింది మాత్రం రెండో జత. గోధుమ బీరుకూ పేల్ ఏల్‌కూ మధ్య తేడాను ఏడుగురే పట్టగలిగారు. ఎనిమిది రాలేదన్నంత మాత్రాన రెండూ ఒకటేనని రుజువైనట్టు కాదు. కానీ ఈ రెండింటినీ కళ్లు మూసుకుని పన్నెండుకు పన్నెండు మందీ చెప్పగలగాలి. ఒకదానిలో లవంగం, అరటిపండు వాసన ఉండాలి, రెండోదానిలో అవేవీ ఉండకూడదు.

ఫలించని ప్రయత్నం: నీళ్లు

ఇక్కడ నేను తీసుకున్న నిర్ణయం తప్పు. దాని వెనుక ఉన్న ఆలోచనను వివరంగా రాస్తాను, ఎందుకంటే నాలాంటివాళ్లు చాలామంది అదే దారిలో వెళ్తారు.

బీరులో తొంభై శాతానికి పైగా నీళ్లే. ఆ బ్రూవరీ బోరు నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 900 మిల్లీగ్రాముల దాకా ఉంటే, ఆర్‌ఓ యంత్రం దాన్ని 60కి తెస్తోంది. ఆ తర్వాత నాలుగు బీర్లకూ ఒకే మోతాదులో కాల్షియం క్లోరైడ్ కలుపుతున్నారు. బీర్ల చరిత్ర కొంతవరకు నీళ్ల చరిత్రే: ఇంగ్లండ్‌లోని బర్టన్‌లో జిప్సం (కాల్షియం సల్ఫేట్) నిండిన నీటితో హాప్స్ చేదు పదునుగా పలికే పేల్ ఏల్‌లు వచ్చాయి, లవణాలు దాదాపు లేని, చెక్ దేశంలోని పిల్సెన్ నీటిలో సున్నితమైన లాగర్ (చల్లగా పులియబెట్టే లేత బీరు) పుట్టింది, బైకార్బనేట్ ఎక్కువగా ఉండే, ఐర్లండ్‌లోని డబ్లిన్ నీరు వేయించిన మాల్ట్ ఆమ్లాన్ని సరిచేసి స్టౌట్‌కు కలిసి వచ్చింది. అన్నిటికీ ఒకే నీరు పోస్తే అన్నీ ఒకేలా ఉండవా అనుకున్నాను. పేల్ ఏల్‌కు జిప్సం పెంచి, ఆంబర్‌కు క్లోరైడ్ ఉంచి, స్టౌట్‌కు కొంచెం వంటసోడా కలిపి, మాల్ట్ నానే దశలో పీహెచ్ 5.2కూ 5.6కూ మధ్య ఉండేలా చూశాం.

ఆరు వారాలు, రెండు విడతల బీరు ఆ పనికే ఖర్చయ్యాయి. పేల్ ఏల్ చేదులో స్పష్టత వచ్చింది, స్టౌట్‌లో గొంతుకు గీరుకునే గుణం తగ్గింది. కానీ గోధుమ బీరు, పేల్ ఏల్ జతను ఈసారి ఆరుగురే చెప్పారు. నీరు రుచికి మెరుగుపెట్టగలదు, అంతే; లవంగం వాసన ఉండవలసిన బీరుకూ ఉండకూడని బీరుకూ మధ్య తేడాను చెరిపేసే శక్తి దానికి లేదు. ఈ మాట నాకు ముందే తోచి ఉండాలి. ఒక్కరోజులో మీటరు పెట్టి కొలవగలిగినది నీరు కాబట్టి దాని వైపు మొగ్గాను తప్ప, లక్షణం అటు చూపించి కాదు.

ఇంటి వంటగదిలో తెరిచిన సీసాలు

మలుపు అనుకోకుండా వచ్చింది. ఆ రోజు నాలుగు ట్యాంకుల నుంచీ సీసాలు నింపుకుని, ఐసు పెట్టెలో పెట్టుకుని విజయవాడలోని ఇంటికి తెచ్చుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున, ఇంకా పొయ్యి వెలిగించకముందే, పేల్ ఏల్ సీసా మూత తీసి గ్లాసులో పోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. స్పష్టంగా లవంగం. ఆంబర్ తీశాను, అందులోనూ అదే. స్టౌట్‌లో మాడిన వాసన ముందు తగిలి, అది తగ్గిన తర్వాత వెనుక నుంచి మళ్లీ అదే లవంగం పలికింది. గోధుమ బీరులో ఉండవలసిన చోట ఉంది, కానీ ఉండవలసినంత లేదు.

ఇన్ని వారాలుగా ఇది నాకెందుకు తెలియలేదు? ఆ రెస్టారెంటు వంటగది గాలి బీరు పోసే కౌంటరు మీదుగానే బయటికి వెళ్తుంది. పదకొండు గంటలకల్లా బిర్యానీ మసాలా వేగుతూ ఉంటుంది. లవంగం, దాల్చినచెక్క, యాలకుల ఘాటులో గంటసేపు ఉన్న ముక్కు లవంగాన్ని గుర్తించడం మానేస్తుంది. రుచి చూసిన పన్నెండు మందిదీ, బ్రూవర్‌దీ, నాదీ అదే పరిస్థితి. తాగేవాళ్లు ఏదో ఒకేలా ఉందని సరిగ్గానే చెప్పారు, కానీ ఆ ఏదో అప్పటికే గది నిండా ఉండడంతో దానికి పేరు పెట్టలేకపోయారు.

బీరులో లవంగం వాసనకు కారణం 4-వినైల్ గ్వయాకాల్ అనే పదార్థం. లవంగంలో ఉండే యూజినాల్ కూడా ఈ గ్వయాకాల్ కుటుంబానిదే. మాల్ట్ పొట్టు నుంచి వచ్చే ఫెరూలిక్ ఆమ్లాన్ని కొన్ని ఈస్ట్‌లు దీనిగా మారుస్తాయి. గోధుమ బీరు ఈస్ట్‌కు ఆ సామర్థ్యం ఉంటుంది. ఏల్ కోసం తరతరాలుగా పెంచుకుంటూ వచ్చిన ఈస్ట్‌లలో చాలావాటికి ఆ పని చేసే జన్యువులు చెడిపోయి ఉంటాయి. ఇక్కడ వాడే అమెరికన్ ఏల్ ఈస్ట్ అలాంటిదే. అంటే అది శుద్ధంగా ఉంటే పేల్ ఏల్‌లో లవంగం పుట్టే అవకాశం లేదు. పుట్టిందంటే రెండే కారణాలు: ఎక్కడి నుంచో అడవి ఈస్ట్ చేరి ఉండాలి, లేదా గోధుమ బీరు ఈస్ట్ ఇందులో కలిసి ఉండాలి.

కారణాన్ని విడదీయడం

రెండు అనుమానాలకూ రెండు వేర్వేరు వైద్యాలున్నాయి. మొదటిది నిజమైతే పైపులు, వాల్వులు, రసాన్ని చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్ అన్నీ విప్పాలి; రెండోది అయితే ఈస్ట్ మాత్రం మార్చాలి. ఊహ మీద పెద్ద ఖర్చు చేయించడం ఇష్టం లేక, పేల్ ఏల్ కోసం కాచిన ఒకే వోర్ట్‌ను, అంటే ఇంకా పులియని తీపి రసాన్ని, నాలుగు ఇరవై లీటర్ల క్యాన్లలోకి పంచాను. ఒకదానిలో బ్రూవరీలో వాడుతున్న ఈస్ట్ మడ్డి (పాత విడత అడుగున పేరుకున్న ఈస్ట్), రెండోదానిలో ప్యాకెట్ విప్పిన కొత్త ఏల్ ఈస్ట్, మూడోదానిలో కొత్త గోధుమ బీరు ఈస్ట్ వేశాం. నాలుగోదానిలో ఏమీ వేయకుండా మూతపెట్టి వెచ్చగా ఉంచాం. నిర్ణయం చెప్పగలిగేది ఈ నాలుగోదే. అది మూడు రోజుల లోపే నురగకట్టి మసకబారితే రసం ట్యాంకు దాకా వచ్చే దారిలోనే మలినం ఉన్నట్టు.

నాలుగోరోజు కూడా అది తేటగానే ఉంది. కొత్త ఏల్ ఈస్ట్ వేసినదానిలో లవంగం లేదు. వాడుతున్న మడ్డి వేసినదానిలో ఉంది. దోషం మడ్డిలోనే ఉందని తేలింది.

తర్వాత ఆ మడ్డిని పలుచన చేసి అగార్ ప్లేటు (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ పళ్లెం) మీద గీశాను. ఒక్కొక్క కణం నుంచి ఒక్కొక్క కాలనీ వేరుగా పెరిగేలా చేసి ఈస్ట్‌ను శుద్ధి చేయవచ్చని 1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ నిరూపించారు. ఆయన ఎదుర్కొన్న సమస్య కూడా బ్రూవరీ ఈస్ట్‌లో వేరే ఈస్ట్‌లు కలిసిపోవడమే. పేల్ ఏల్ మడ్డి నుంచి 24 కాలనీలు, గోధుమ బీరు మడ్డి నుంచి 24 కాలనీలు ఏరి, ఫెరూలిక్ ఆమ్లం కలిపిన రసం ఉన్న చిన్న గొట్టాల్లో విడివిడిగా పెంచి, రెండు రోజుల తర్వాత ఒక్కొక్కటీ మూత తీసి వాసన చూశాను. పేల్ ఏల్ మడ్డిలో ఒక్కటి కూడా లవంగం వాసన ఇవ్వకూడదు, తొమ్మిది ఇచ్చాయి. గోధుమ బీరు మడ్డిలో ఇరవై నాలుగూ ఇవ్వాలి; పది మాత్రమే ఇచ్చాయి. ఆ రెండు అంకెలను పక్కపక్కన రాసుకున్నప్పుడు విషయం పూర్తిగా అర్థమైంది. రెండు పేర్లతో రెండు క్యాన్లలో ఉన్నది ఒకే మిశ్రమం. పేల్ ఏల్‌లోకి లవంగం చేరింది, గోధుమ బీరులో లవంగం తగ్గింది. రెండూ చెరో వైపు నుంచి నడిచి మధ్యలో కలుసుకున్నాయి.

వాసన ఇచ్చినవి అడవి ఈస్ట్ కావని చెప్పడానికి ఇంకో రెండు పరీక్షలు చేశాను. అడవి ఈస్ట్‌లలో చాలావి పెరగగలిగే మాధ్యమాలు రెండున్నాయి: నత్రజనికి లైసిన్ మాత్రమే ఉన్నది, ఆహారంగా పిండిపదార్థం మాత్రమే ఉన్నది. ఆ రెండింటిలోనూ ఇవి పెరగలేదు. కాలనీ ఆకారంలోనూ, రసంలో తేలే తీరులోనూ ప్యాకెట్‌లోని గోధుమ ఈస్ట్‌ను పోలి ఉన్నాయి. డీఎన్‌ఏ పరీక్ష ఉంటే ఇంకా గట్టిగా చెప్పవచ్చు. కానీ ఫలితం ఏదైనా చేయవలసిన వైద్యం మారదు కనుక ఆ ఖర్చు పెట్టించలేదు.

ఎలా కలిసింది

ఒక రోజంతా పనిచేసేవాళ్ల పక్కన నిలబడి చూశాను. పులియడం పూర్తయ్యాక ట్యాంకు అడుగున శంఖువు ఆకారపు భాగంలో పేరుకున్న మడ్డిని తీసి, పెరుగుకు తోడు వేసినట్టు, తర్వాతి విడతకు వాడతారు. విదేశాల నుంచి వచ్చే ఈస్ట్ ఖరీదైనది కాబట్టి ఇది చాలా బ్రూవరీల్లో ఉన్న పద్ధతే, తప్పేమీ లేదు. అయితే ఇక్కడ మడ్డి పట్టే క్యాన్లు రెండున్నా గొట్టం ఒక్కటే. దాన్ని వేడినీళ్లతో కడుగుతున్నారు, కానీ కొసన ఉన్న రబ్బరు వాషరు విప్పడం లేదు. నేను విప్పించినప్పుడు దాని గాడిలో గట్టిపడిన మీగడలాంటి పొర చుట్టూరా అంటుకుని ఉంది. అంతకంటే పెద్ద సంగతి బ్రూవర్ చెప్పారు: రద్దీ రోజుల్లో ఏల్ మడ్డి చాలకపోతే గోధుమ బీరు క్యాన్‌లోంచి కొంత కలిపేవారట. "అదీ ఈస్టే, ఇదీ ఈస్టే కదండీ, చక్కగా పులిసేది" అన్నారు. వాళ్ల రికార్డు పుస్తకం తిరగేస్తే ఆ మడ్డి పదిహేడోసారి వాడుకలో ఉంది.

గోధుమ బీరులో గోధుమ ఈస్ట్ ఎందుకు తగ్గిందన్నది కూడా చెప్పాలి. గోధుమ ఈస్ట్ తొందరగా అడుగుకు దిగదు, చివరిదాకా తేలుతూనే ఉంటుంది. గోధుమ బీరు మబ్బుగా ఉండడానికి అదీ ఒక కారణం. ఏల్ ఈస్ట్ గుంపుకట్టి అడుగుకు చేరుతుంది. గొట్టం ద్వారా గోధుమ ట్యాంకులోకి ఏల్ ఈస్ట్ కాస్త చేరినా, ప్రతిసారీ అడుగు నుంచే మడ్డి తీస్తున్నారు కాబట్టి ఏల్ ఈస్ట్‌కే ఎక్కువ వాటా దక్కుతుంది. తరం తరానికీ తోడు మారిపోయింది, క్యాన్ మీద పేరు మాత్రం అలాగే ఉంది.

పనిచేసినవి

ఉన్న మడ్డినంతా పారబోయమన్నాను. యజమాని చాలాసేపు ఆలోచించారు. ఖర్చు మాటను తేలిగ్గా తీసుకోలేను కనుక ఒక రాజీ కుదిర్చాం: గోధుమ ఈస్ట్‌ను మళ్లీ వాడకూడదు, ప్రతి విడతకూ కొత్త ప్యాకెట్టే, ఎలాగూ అది సరిగ్గా అడుగుకు దిగదు, నాలుగింట ఒక విడతే కాస్తారు. ఏల్ ఈస్ట్‌ను ఆరుసార్ల వరకూ వాడుకోవచ్చు, అదీ పేల్ ఏల్ నుంచి ఆంబర్‌కు, ఆంబర్ నుంచి స్టౌట్‌కు మాత్రమే, వెనక్కి రాకూడదు. గోధుమ ట్యాంకు గొట్టానికి ఎర్ర టేపు చుట్టి వేరు చేశాం. వాషర్లు ప్రతిసారీ విప్పి కాస్టిక్‌తో కడిగి, ఆ తర్వాత పెరాసిటిక్ ఆమ్లంతో శుద్ధి చేయాలి. అన్నిటికంటే కష్టమైన షరతు ఇంకొకటి: మూడు నెలలు రెసిపీలో గ్రాము కూడా మార్చకూడదు. ఈస్ట్, హాప్స్, మాల్ట్ ఒకేసారి మారిస్తే బాగుపడ్డా ఎందుకు బాగుపడిందో తెలియదు.

మొదటి విడత పేల్ ఏల్ వచ్చినప్పుడు యజమాని నిరుత్సాహపడ్డారు. లవంగం పోయింది గానీ మగ్గిన అరటిపండు వాసన మిగిలింది. అది మే నెల. శుద్ధమైన ఏల్ ఈస్ట్ కూడా వేడెక్కితే అలాంటి పండ్ల వాసనలు వదులుతుంది. ట్యాంకు మీటరు 19 డిగ్రీలు చూపిస్తోంది, నేను అడుగు కుళాయి నుంచి గ్లాసులో పట్టి థర్మామీటరు ముంచితే 25 ఉంది. వాళ్లు ట్యాంకును సగమే నింపుతున్నారు. మీటరుకు వేడిని పట్టే సూది ట్యాంకు పై భాగంలో, బీరు అందని ఎత్తులో, చల్లటి గోడ పక్కన ఖాళీ గాలిని కొలుస్తోంది. సూదిని కింది రంధ్రంలోకి మార్చాం. పులియడం ఉధృతంగా ఉండే మొదటి మూడు రోజులు రెండు ట్యాంకులకు మించి ఒకేసారి నడపవద్దన్నాం, ఎందుకంటే ఎండాకాలంలో ట్యాంకులను చల్లబరిచే వాళ్ల చిల్లర్ యంత్రం అంతకు మించి మోయలేదు. ఈ వేడి నాలుగు బీర్లకూ సమానంగా తగులుతోంది కనుక ఒకేలా ఉండడంలో దీనికీ వాటా ఉందనే నా అభిప్రాయం. కానీ లవంగం తొలగేదాకా అది బయటపడలేదు.

మూడు నెలల తర్వాత పరీక్షను వంటగది గాలి రాని మేడ మీది గదిలో, ఉదయాన్నే పెట్టాం. గోధుమ బీరు, పేల్ ఏల్ జతను పన్నెండుకు పన్నెండు మందీ చెప్పారు. ఆంబర్, స్టౌట్ జతను పదకొండు మంది చెప్పారు.

నేర్చుకున్నవి, మిగిలినవి

ఒకే చోట తయారైన వేర్వేరు సరుకులు ఒకేలా ఉన్నాయని ఎవరైనా అంటే, ఇప్పుడు నేను రెసిపీ అడగను. అన్నిటికీ ఉమ్మడిగా తగిలేవి ఏమిటో ముందు రాసుకుంటాను: నీరు, తోడు, వేడి, గొట్టాలు, వడ్డించే చల్లదనం. తర్వాత ఆ జాబితాలో, ఫిర్యాదు చేసిన రెండు సరుకుల మధ్య ఉండవలసిన తేడాను చెరపగలిగేది ఏదో చూస్తాను. లవంగం అనే ఒక్క తేడాను పట్టుకుని వెనక్కి నడిచి ఉంటే మొదటి వారంలోనే ఈస్ట్ దగ్గరికి చేరేవాణ్ణి. డెయిరీల్లో తోడు కలిసిపోవడం ఎన్నోసార్లు చూసి కూడా ఇక్కడ దాన్ని చివర చూడడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. రుచి చూసే గదిని బాగా పీల్చి చూడకుండా పరీక్ష మొదలుపెట్టడం కూడా మానేశాను.

పేల్ ఏల్, ఆంబర్ జతను మాత్రం చివరి పరీక్షలో ఏడుగురే చెప్పారు. ఇక్కడ కారణం ఈస్ట్ కాదు. రెండింటిలోనూ ఒకే కారమెల్ మాల్ట్ ఉంది, పేల్ ఏల్‌లో పది శాతం, ఆంబర్‌లో పద్నాలుగు; చేదుకు వేసే హాప్స్ కూడా ఒకటే. బస్తాలు విడిగా దొరకక ఒకే రకం తెప్పించుకున్న ఫలితం అది. రెసిపీ మీద చేయి వేయడానికి ఇప్పుడు సమయం వచ్చింది. పేల్ ఏల్‌లోంచి ఆ మాల్ట్‌ను పూర్తిగా తీసేసి ఒక విడత కాయమని చెప్పాను. ఆ ట్యాంకుకు ఈ వారమే మూత వేశారు.